సమదృష్టి

కన్నబిడ్డలను సమానంగా చూడవలెనని పెద్దలందురు. సమానమనగా ఏమి? నెలలు నిండక పుట్టిన కవలల తల్లికి ఇది దినదిన పరీక్ష.

కుంతికి కొడుకు కలిగెనని విని గాంధారి ఓర్వలేక తన గర్భాన్ని తానే మోదుకొన్నదని మహాభారతం ఆదిపర్వం తెలుపుచున్నది. రూపు కట్టని ఆ పిండాన్ని వ్యాసమహర్షి నూటొక్క నేతికుండలలో భద్రపరపించి, కాలం పండువరకు వేచియుండుమన్నాడు. పోలిక తెచ్చిన తొందరకు ఓర్పే ప్రాయశ్చిత్తమైనది.

నేడు షేక్‌పేట, జూబిలీహిల్స్ ప్రాంతాలలో పెద్దమ్మతల్లికి మొక్కి ఆసుపత్రికి పోవు తల్లికీ అదే పరీక్ష. 37 వారాలు నిండని ఇద్దరు బిడ్డలు రెండు ఇంక్యుబేటర్లలో ఉందురు. ఒకరు ముందుగా ఇల్లు చేరవచ్చును. ఇంకొకరికి ఊపిరి యంత్రమే ఆధారం కావచ్చును. తల్లి ఎవరి చెంత నుండవలెను?

గడియలు లెక్కించి పంచుట సమత్వం కాదు. ఆకలిగొన్నవానికి అన్నం, రోగికి ఔషధం; ఇచ్చునది వేరైనను ప్రేమ ఒక్కటే. కోలుకొన్న బిడ్డను అమ్మమ్మ ఒడిలో ఉంచి బలహీనుని చెంతకు పరుగిడు తల్లి పక్షపాతి కాదు. ఆమె దోషభావంతో కుమిలిపోనక్కరలేదు.

1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలనప్పుడు, ఎడ్గార్ రే అను వైద్యుడు పసికందులను తల్లుల గుండెలపైనే ఉంచి కాపాడు పద్ధతి ప్రారంభించాడు. తండ్రి గుండెయు అందుకు తగినదే. వైద్యులు అనుమతించినచో ఒక బిడ్డ తల్లి గుండెపై, మరొక బిడ్డ తండ్రి గుండెపై సేదతీరవచ్చును.

ఇద్దరూ ఇల్లు చేరుదురని ఏ వైద్యుడూ ముందుగా మాట ఇయ్యజాలడు. పాలు పిండి పంపుట, చేతులు కడిగి బిడ్డను తాకుట, పిలుపు వచ్చువరకు వేచియుండుట తల్లిదండ్రుల వంతు. ఫలం భగవంతునిది. ఆ ఎరుకతో చేయు సేవయే వారి పూజ.