తిథి తెలియనివారు

శ్రాద్ధమునకు కూర్చున్న కర్తను పురోహితుడు అడుగు ప్రశ్నలు మూడు: గోత్రమేమి, నామమేమి, తిథి యేది. మొదటి రెండింటికి బదులు చెప్పలేని గృహస్థుడు అరుదు. మూడవదానికి తడబడువారు మాత్రము ఏ కాలమునందైనను కొందరుందురు. పనికని పొరుగుదేశము పోయి మరలి రాని అన్న, జాతరలో చేయి విడిచిన బిడ్డ, పడవ యెక్కి వెడలి మఱల జాబు వ్రాయని కొడుకు, వీరు గతించిరని ఇంటివారు ఎన్నడో ఒకనాడు మనస్సు రాయి చేసికొని ఒప్పుకొన్నను, గతించిన దినమేదో ఎవ్వరును చెప్పజాలరు. తిథి తెలియని అట్టివారికొఱకు మన పూర్వులు భాద్రపద బహుళ అమావాస్యను, మహాలయమను పేర, విడిచి యుంచిరి. ఈ యాచారమును ఏండ్ల తరబడి చూచుచు, చేయుచు, దాని లోతు నెన్నడును తరచి చూడని నాకు, ఆ లోతు ఒక స్కాట్లండు దేశపు డిటెక్టివు నవల చదువుచుండగా స్ఫురించినదని చెప్పుకొనుటకు కొంత సిగ్గుగానే యున్నది.

డిటెక్టివు కథలను మన పెద్దలు రైలు ప్రయాణపు కాలక్షేపముగా నెంచిరి. అందు కొంత న్యాయము లేకపోలేదు. ఆ కథలలోని పరిశోధకునకు సాధారణముగా కాలము తగులదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరు మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కుటను మనము చూడలేదు. షెర్లాకు హోమ్సు ససెక్సు సీమలో తేనెటీగలను పెంచుకొనుచు విశ్రమించినను, 1917లో వెలువడిన కథలో ఆ విశ్రాంతిని వీడి వచ్చినది జర్మను గూఢచారిని పట్టుకొనుటకు, అనగా రాజ్యకార్యమునకు. ఇయన్ రాంకిన్ సృష్టించిన జాన్ రీబస్ మాత్రము వేఱు జాతి మనుష్యుడు. 1987లో తొలి నవలయందు అడుగిడిన ఈ ఎడింబరో నగరపు పోలీసు, పాఠకునితోపాటు ఏడాదికొక యేడు ముదిసి, 2007లోని నవలయందు అరువదవ యేట, నియమానుసారముగా, ఉద్యోగ విరమణ చేసెను. అయిదేండ్ల పిమ్మట, 2012లో, అతడు మఱల వచ్చెను. అధికారపత్రము లేదు, హోదా లేదు. పాత కేసుల కట్టలను తిరుగవేయు ఒక చిన్న విభాగములో జీతమునకు కుదిరిన వృద్ధుడు, అంతే.

ఆ నవల శ్మశానమున ఆరంభమగును. పూర్వ సహోద్యోగి ఒకని ఖననమునకు వచ్చి గోతికి కొంచెము ఎడముగా నిలిచియున్న రీబస్‌ను మొదట మనము చూతుము. "పరుని సమాధిలో నిలిచి" యను అర్థమిచ్చు గ్రంథనామము సైతము ఒక పొరపాటు వినికిడి వలన పుట్టినది: జాకీ లెవెన్ అను గాయకుని పాటలో వాన యని యున్న మాటను రీబస్ సమాధి యని వినును. పరుని వానలో తడియువాడు ఇల్లు చేరగానే ఆరిపోవును. పరుని సమాధిలో నిలుచువానికి అట్టి వెసులుబాటు లేదు. ఇంతలో నీనా హేజ్లిట్ అను తల్లి అతనిని వెదకికొని వచ్చును. ఆమె కుమార్తె సాలీ, 2000వ సంవత్సరము ప్రవేశించిన నూతన సంవత్సరపు వేళ కనబడకుండ పోయినది. తరువాతి యేండ్లలో మఱికొందరు యువతులును అటులే మాయమైరనియు, అందరిని కలుపుచున్న సూత్రము ఏ-9 అను రహదారి యనియు ఆ తల్లి నమ్మకము. పోలీసులు ఆమె మాటలను చాలకాలముగా విని విని, వినుట మానివేసిరి.

ఆ రహదారి కల్పితము కాదు. స్కాట్లండు నడుమ నుండి బయలుదేరి, స్టర్లింగు, పెర్తు, ఇన్వర్నెసు పట్టణముల మీదుగా ఉత్తర సముద్రతీరము దాక, రమారమి 270 మైళ్లు కొండల నడుమ సాగిపోవును. 1976 నవంబరు 12వ తేది రాత్రి, ఇన్వర్నెసుకు దక్షిణమున ఆ బాట ప్రక్కన ఒక కారు కాలుచు కనబడెను. దానిలో ప్రయాణించిన గృహిణియు, ఆమె మూడేండ్ల కుమారుడును నాటి నుండి కనబడలేదు. ఈ తల్లీబిడ్డల వద్దకు మఱల వత్తును.

పోయినవాడు పోయినాడని మనకు తెలియుట ఎట్లు? ఇది కేవలము పోలీసు ప్రశ్న కాదు. మన దార్శనికులు శతాబ్దములు వాదించిన ప్రశ్న. నేలపై కుండ లేదని తెలిసికొనుటకు సాధనమేది యని వారు విచారించిరి. ఇంద్రియమే ఆ యభావమును గ్రహించునని నైయాయికులనిరి. అనుపలబ్ధి, అనగా కానరాకపోవుటయే ప్రత్యేకమైన ప్రమాణమని కుమారిలభట్టు ననుసరించిన మీమాంసకులును, అద్వైతులును పలికిరి. ఐనను రెండు విషయములలో ఉభయులకును ఏకీభావము కలదు. అభావమెప్పుడును ఏదో యొకదాని యభావమే. ఆ ఏదో యొకదానికి ప్రతియోగి యని పేరు. ప్రతియోగిని ఎఱుగనివానికి అభావము తోచదు. సాలీ గదిలో మనము అడుగిడినచో మనకు కానవచ్చునది మంచము, కిటికీ, గోడ. సాలీ లేమి కానరాదు. దానిని కనగలది ఆమెను ఎఱిగిన తల్లి యొక్కతెయే. కావున పాత కట్టను విప్పి కూర్చున్న పరిశోధకుడు మొదట చేయవలసినది దొంగను వెదకుట గాదు, ఎన్నడును చూడని మనిషిని తనకు పరిచితురాలిగా చేసికొనుట. ఆమె ఉత్తరములను, స్నేహితులను, అలవాట్లను చదివి చదివి, తల్లికి మాత్రమే కానవచ్చు శూన్యమును తానును కనగల స్థితికి వచ్చుట.

రెండవ విషయము ఇంకను సూక్ష్మమైనది. చీకటిలో కుండ కానరానంత మాత్రమున కుండ లేదనరాదు. ఉన్నచో తప్పక కానవచ్చెడిదే యను యోగ్యత కలిగినప్పుడే కానరాకపోవుట ప్రమాణమగును. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. తప్పిపోయినవారి బంధువుల బాధ యంతయు ఈ యొక్క పదమునందు ఇమిడియున్నది. లోకమంతయు వెలుతురు నిండిన యిల్లు కాదు గదా! వెదకని ఊరు ఒక్కటి మిగిలియున్నంత కాలము ఆ తల్లికి లేదను నిశ్చయము కలుగదు, ఉన్నదను ధైర్యమును కలుగదు. మరణము దుఃఖమునిచ్చును, అదృశ్యము సంశయము నిచ్చును. దుఃఖమునకు పదియవనాడో పండ్రెండవనాడో ఒక కర్మ యున్నది. సంశయమునకు కర్మ యేది?

ఈ చిక్కును ధర్మశాస్త్రములును, రాజశాసనములును ఎఱుగకపోలేదు. మన దేశపు 1872 నాటి సాక్ష్య చట్టము, 108వ సెక్షనులో, ఒకడు బ్రతికియున్నచో అతని వార్త సహజముగా తెలియవలసినవారికి ఏడేండ్లపాటు అది తెలియనిచో, బ్రతికియున్నాడనువాడే దానిని రుజువు చేయవలెనని విధించెను. ఇటీవలి క్రొత్త చట్టమునందును ఆ నియమము నిలిచియున్నది. తెలియవలసినవారికి తెలియకపోవుట యను ఆ నియమము యోగ్యానుపలబ్ధి గాక మఱేమి? న్యాయవాదులు తర్కసంగ్రహము చదువకయే తర్కమును పట్టుకొనిరి. స్కాట్లండునందు 1977 నాటి శాసనమును ఏడేండ్లనే గడువుగా పెట్టినది. మన స్మృతికారులలో అభిప్రాయభేదము లున్నను, పండ్రెండేండ్లు వేచియుండుమనుట ప్రసిద్ధమైన పక్షము. ఆ తరువాత దర్భలతోను మోదుగాకులతోను మనుష్యప్రతికృతిని కల్పించి దహనము చేయుదురు. అటు చేసిన పిమ్మట ఆ మనుష్యుడు తిరిగి వచ్చెనా, అతనికి జాతకర్మ మొదలుకొని సంస్కారములు మఱల జరుపవలెనట! గడువు లోకవ్యవహారమునకొఱకే గాని సత్యమునకు గడువు లేదని ఒప్పుకొన్న ఈ వినయము మెచ్చదగినది. ఆస్తి పంచుకొనుటకు ఏడేండ్లు చాలును. తల్లి వీధివాకిలి గడియ పెట్టుకొని నిదురించుటకు డెబ్బదియేండ్లును చాలవు.

స్కాట్లండునకు మఱల పోదము. ఆ దేశమున 1560లో మతసంస్కరణ జరిగినప్పుడు, జాన్ నాక్సు ప్రభృతులు మృతుల కొఱకు జీవించియున్నవారు చేయు ప్రార్థనలను త్రోసివైచిరి. ఖననవేళ పాటయు పఠనమును లేకుండుటయే మేలని నాటి ధర్మవ్యవస్థా గ్రంథము బోధించెను. చచ్చినవాని గతి దైవనిర్ణీతము. బ్రతికినవాడు చేయగలది లేదని వారి సిద్ధాంతము. దానిని నేను నిందింపను. పురోహితుల ధనాశకు వారు వేసిన అడ్డుకట్ట యది. కాని మనుష్యుని చేతులు ఊరకుండజాలవు. మృతులకు ఏదో చేయవలెనను ఆర్తి, గుడి తలుపు మూసినప్పుడు, మఱొక తలుపు తట్టును. విశ్వాసము కలిగియు ఏ చర్చియందును కుదురుకొనలేని రీబస్, సిగరెట్టు పొగలో అర్ధరాత్రి పాత కాగితములు తిరుగవేయుటను చూచినప్పుడు, ఇది తన దేశము మఱచిన పితృకార్యమును పేరు తెలియకయే ఈ ముసలివాడు చేయుచున్నాడని నాకు తోచెను. మన తర్పణాంతమున, బంధువులు గానివారికి సైతము ఒక దోసిలి నీరు విడుతుము. అతని కట్ట అట్టి దోసిలి.

ఇక్కడ వేదాంతి యొకడు అడ్డుతగులక మానడు. "అరువదియేండ్లు దాటినవాడు వానప్రస్థుడు కావలదా? విడిచినదానిని మఱల పట్టుట మోహము గాదా?" యని అతడు భరతుని కథ చెప్పును. రాజ్యమును తృణముగా విడిచి గండకీ తీరమున తపమొనర్చిన ఆ మహారాజు, తల్లి చనిపోయిన లేడిపిల్లను దయతో పెంచి, అది ఒకనాడు కంటికి కానరాకున్న తల్లడిల్లి, దానినే తలచుచు దేహము విడిచి లేడియై పుట్టెను. ఉద్యోగము విరమించినవాడు తప్పిపోయినదానికై తల్లడిల్లుట, ఆ కథయు ఇదియే గదా!

ఈ యాక్షేపమునకు బలము లేకపోలేదు. దానికి సాక్ష్యము నవలా వాఙ్మయమునందే యున్నది. స్విట్జర్లండు రచయిత ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ 1958లో ప్రకటించి, డిటెక్టివు నవలకు చరమగీతమని ఉపనామమిడిన "వాగ్దానము" అను గ్రంథమున, మత్తెయి అను పోలీసధికారి, హతురాలైన బాలిక తల్లికి, తన యాత్మ సద్గతి మీద ఒట్టుపెట్టి, హంతకుని పట్టుదునని మాట యిచ్చును. జోర్డాను దేశమున కుదిరిన ఉన్నతోద్యోగమునకు బయలుదేరి, విమానాశ్రయము నుండి మరలివచ్చి, ఉద్యోగమును పోగొట్టుకొని, హంతకుడు తప్పక వచ్చునని ఊహించిన దారిప్రక్కన పెట్రోలు బంకు పెట్టి కూర్చుండును. ఆ కూర్చుండుటలో పాపము లేదు. కాని ఎరగా అతడు ఉంచినది మఱొక చిన్నపిల్లను! హంతకుడు రాలేదు, వచ్చుచుండగా దారిలో కారు ప్రమాదమున చనిపోయెను. ఆ సంగతి ఏండ్ల పిమ్మట ఒక ముసలిదాని మరణశయ్యపై బయటపడునప్పటికి, మత్తెయి మద్యమునకు లోబడి, ఇంకను వేచియున్నానని గొణుగు జీవచ్ఛవమై యుండెను. అతని తర్కము సరియైనదే, ప్రమాణము సత్యమే, ప్రతిజ్ఞ మాత్రము తల్లిని విడిచి, బాలికను విడిచి, తనను తాను పోషించుకొనుట మొదలిడెను.

కావున ఋణమునకును రాగమునకును భేదమెట్లు తెలియునని యడిగినచో, నాకు తోచిన గుర్తు ఒక్కటే: ఋణము తీర్చువాడు పోయినవారికొఱకు బ్రతికినవారిని వెచ్చించడు. గీతయందు వినబడు అధికారమను మాటను మన కచ్చేరీలు హోదాగా మార్చివేసినవి; అది కర్మ చేయుటకు గల అర్హత మాత్రమే, ఫలముపై పెత్తనము గాదు. రీబస్ ఉద్యోగమున నున్నప్పుడు అతనికి మొదటి యధికారముండెను. విరమించి వచ్చిన పిమ్మట రెండవది మాత్రమే మిగిలెను. పట్టి బంధించుటకు చేతిలో ఏమియు లేని ముసలివాడు చేయగలది చూచుట, అడుగుట, జ్ఞాపకముంచుకొనుట. అతని మనస్సు నిర్మలమని నేననను. ఇంట ఎదురుచూచువారు లేరు, పనిలేని పగలు అతనికి భయము, సీసాలో మద్యము నిండుకొనుచుండును. అతడు మరలి వచ్చుటకు సగము కారణము మరలిపోవుటకు వేఱు చోటు లేకుండుటయే. ఐనను శ్రాద్ధము చేయించు పురోహితుడు ఋషియై యుండవలెనన్న నియమము లేదు. అతడు సంకల్పమున తిథిని తప్పు చెప్పకుండుట ముఖ్యము.

తల్లీబిడ్డల వద్దకు మఱల వత్తునంటిని. పోలీసుల తరములు మారెను, కట్టలు మూయబడెను, తెఱువబడెను, గనులు త్రవ్వి చూచిరి. చివరకు 2022లో, 46 ఏండ్ల పిమ్మట, ఇన్వర్నెసు న్యాయస్థానమున ఎనుబదియేండ్ల వృద్ధుడొకడు ఆ హత్యలకు దోషిగా నిర్ణయింపబడెను. కొలది నెలలకే, ఏమియు చెప్పక, శిక్ష యనుభవించుచునే అతడును మరణించెను. దీనిని విజయమనుటకు నాకు నోరు రాదు. శిక్ష పేరునకు మిగిలినది, రహస్యము అతనితో పోయినది, సమాధి త్రవ్వుటకు చోటు తెలియదు. మోదుగాకుల ప్రతికృతికి బదులుగా అక్కడివారికి లభించినది పంచాయతులవంటి జూరీ నోట వచ్చిన ఒక మాట మాత్రమే.

కాని ఆ మాటలో ఒక తేది యున్నది. ఆ తల్లియు బిడ్డయు ఇంకెచ్చటనో బ్రతికియుందురేమో యను సంశయమును, వారే ఇల్లు విడిచి పోయిరేమో యను లోకాపవాదమును ఆ తేది తుడిచివేసినది. వారికొఱకు దీపము పెట్టదలచువారు ఇకమీద మహాలయమునకై వేచియుండ నక్కరలేదు. దేహములు దొరకలేదు; తిథి దొరికినది.