నకలు చేరిన ఫైలు అదేనా?

లినక్స్ యంత్రంలోని ఫైలును ఎస్‌సీపీ కమాండుతో విండోస్ యంత్రానికి పంపితే అక్కడ చేరినది అదే ఫైలా, అలాంటి మరో ఫైలా? రెండు చోట్లా ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీస్తే ఒకే 64 అక్షరాల విలువ వస్తుంది. బైట్లలో తేడా లేదన్నమాట. అయినా ఫైలుకు లినక్స్ ఇచ్చిన ఐనోడ్ సంఖ్య వెంట రాదు, 755 వంటి అనుమతులు యథాతథంగా రావు. '-పి' ఇవ్వకపోతే మార్పు తేదీ కూడా కొత్తదే పడుతుంది.

శబ్దం గురించి మీమాంసకులకూ నైయాయికులకూ నడిచిన వాదం ఇక్కడ బాగా పనికొస్తుంది. 'గ' అని ఎవరు ఎన్నిసార్లు పలికినా వర్ణం ఒక్కటే, నిత్యం; ఉచ్చారణ దాన్ని వ్యక్తం చేస్తుందంతే అన్నారు మీమాంసకులు. ప్రతి ఉచ్చారణా కొత్తగా పుట్టి నశించేదే, 'అదే గకారం' అన్న గుర్తింపు జాతిని బట్టి కలుగుతుందన్నారు నైయాయికులు. ఫైలంటే బైట్ల వరుస అనేవారు తెలియకుండానే మీమాంసకుల పక్షం. యజమాని, అనుమతులు, డిస్కులో చోటు ఉన్న వస్తువుగా చూసే సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుది న్యాయ పక్షం.

అసలు చిక్కు ఫైళ్లు పంపే మరో మార్గమైన ఎఫ్‌టీపీలోని ఆస్కీ పద్ధతిలో ఉంది. లినక్స్‌లో వరుస చివర ఎల్‌ఎఫ్ అనే గుర్తు ఒక్కటే. విండోస్‌కు చేరేసరికి దాని ముందు సీఆర్ అనే మరో గుర్తు జతవుతుంది. వెయ్యి వరుసల ఫైలు వెయ్యి బైట్లు పెరుగుతుంది, హ్యాష్ మారిపోతుంది, చదివేవారికి ఒక్క అక్షరమూ మారదు. నిత్యమైనది బైటు కాదు, పాఠం అని మీమాంస పక్షం సవరించుకోవాలి. అయితే అదే పద్ధతిలో ఫొటో పంపితే పాడైపోతుంది; దానికి బైట్లకు అతీతమైన పాఠమేదీ లేదు.