విశ్వాసభంగమును సత్యనిష్ఠయు

గుడిగంటతో మేల్కొని, తల్లి ప్రక్కన జపమాల త్రిప్పుచుఁ బెరిగిన కతోలికుఁడు నడివయస్సున బైబిలు దైవవాక్యమని నమ్మఁజాలకపోయెనేని, అతఁడు పతితుఁడా? సత్యవ్రతుఁడా?

ఈ ప్రశ్నము మా నెల్లూరు తీరమునకు దూరమైనది కాదు. ఇచట బాప్టిస్టు మిషను 1840లో నెలకొనెను. కతోలికుల నెల్లూరు పీఠము 1928లో నేర్పడెను. బాప్టిస్టుల యింటి బిడ్డకు గ్రంథమే మొదటి గురువు. కతోలికుల బిడ్డకో, తల్లి కంఠస్వరము, జ్ఞానోపదేశము, లాటినుభాషలోని పూజ మొదటివి. రెండవ వాటికను మహాసభ (1962-65) పిమ్మటనే పూజ తెలుఁగున సాగి, గ్రంథపఠనము గృహస్థులలో వ్యాపించెను. కావున నట్టివాఁడు గ్రంథమును శంకించినపుడు సడలునది పుస్తకము మీఁది నమ్మకము మాత్రమే కాదు. తల్లి మాటయు సందేహమునఁ బడును. అతని వేదన యంతయు నిందే కలదు.

న్యాయవాదులమగుటచే మేము సాక్షుల వాఙ్మూలములు పరీక్షించుచుందుము. యూదా యురివేసికొని చచ్చెనని మత్తయి సువార్త చెప్పును; తలక్రిందుగాఁ బడి నడిమికి బ్రద్దలయ్యెనని అపోస్తలుల కార్యములు చెప్పును. సాక్షులు భేదించినంతనే వ్యాజ్యము కొట్టివేయరాదు. గ్రంథకర్తల కాలమును, రచనారీతులను విచారించి చదువవలెనని పన్నెండవ పయసు పోపే 1943లో పండితులకు బోధించెను. కావున నింతమాత్రమునకే విశ్వాసము విడుచుట తొందరపాటు.

కాని సమూవేలు మొదటి గ్రంథము 15వ అధ్యాయమున, అమాలేకీయుల స్త్రీలను, చంటిబిడ్డలను సహితము వధింపుమని సౌలునకు దైవాజ్ఞ గలదు. బిడ్డలను చేరఁదీసిన క్రీస్తును పూజించి పెరిగినవాఁ డీ యాజ్ఞను దైవవాక్యమని యెట్లు పలుకఁగలఁడు? ఇచట గ్రంథము నెదిరించినది నాస్తికుల తర్కము కాదు. గుడిలోనే యలవడిన కరుణ. అది యా కాలపు జనుల భావనయని వ్యాఖ్యాత లందురు. కానిండు, ఏది దైవవాక్యమో, ఏది జనభావనయో తీర్పుచెప్పునది మన యంతరాత్మయే కదా!

గుంటూరు మండలమునఁ గతోలిక కుటుంబమున 1937లో జనించిన నరిసెట్టి ఇన్నయ్యగారు హేతువాదులై, శిశువులపై మతమును రుద్దరాదని 2009లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. తల్లి యొడిలో నేర్చినదెల్ల బలాత్కారమని మేము తలంపము. పెరిగిన బిడ్డ నమ్మఁజాలననఁగా వానిని వెలివేయుటయే బలాత్కారము.

ఇఁక నతని కర్తవ్య మేమి? వృద్ధమాత చేయిపట్టి గుడిమెట్లెక్కించుట కపటము కాదు. నమ్మని విశ్వాసప్రమాణమును పెదవులతో వల్లించుటయే కపటము. ఆమె ప్రక్కన నిలిచి, ఆ వేళకు మౌనముగా నుండుట మేలు. తల్లులారా, ఆ మౌనమును ధిక్కారముగా నెంచకుఁడు. అసత్యమాడరాదని మీరు నేర్పిన పాఠమునే మీ బిడ్డ యాచరించుచున్నాఁడు.