తుపాకీకి ముందు కదిలింది ఎవరు?

2011 ఆగస్టు 28 రాత్రి, దక్షిణ కొరియాలోని డేగు నగరం. ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో పురుషుల వంద మీటర్ల ఫైనల్. ఐదో లేన్‌లో ఉసేన్ బోల్ట్. రెండేళ్ల కిందట బెర్లిన్‌లో ఈ దూరాన్ని 9.58 సెకన్లలో ముగించిన మనిషి. స్టార్టర్ 'సెట్' అన్నాడు, వరుసగా నడుములు పైకి లేచాయి. తుపాకీ ఇంకా మోగలేదు. బోల్ట్ మాత్రం లేచి పరుగందుకున్నాడు. శబ్దానికి 0.104 సెకను ముందే అతని పాదాలు బ్లాకుల్ని నెట్టాయని యంత్రం తేల్చింది. ఆ అంకె చెప్పేదాకా అతనికి ఆగనక్కర్లేకపోయింది. తప్పు తనదేనని వెంటనే తెలిసిపోయింది, ఒంటిమీది చొక్కా పీకేసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టిన పందెంలో అతనితో కలిసి శిక్షణ పొందే 21 ఏళ్ల యొహాన్ బ్లేక్ ఎదురుగాలిలో 9.92 సెకన్లకు గెలిచాడు.

బోల్ట్ ముందుగా కదలాలనుకునే కదిలాడా? అలా అనుకునే అవసరం అతనికి లేదు. అతని బలం ఆరంభంలో కాదు, చివరి మీటర్లలో మిగతావాళ్ల వేగం తగ్గుతున్నప్పుడు తన వేగాన్ని నిలుపుకోవడంలో ఉంది. పైగా ఒక్క తప్పుకే బయటికి పంపే నిబంధన అమల్లో ఉందని అతనికి తెలుసు. అతను కోరింది ఒకటి, కాళ్లు చేసింది ఇంకొకటి. మరి కోరని పనికి కర్త ఎవరు? దానికి శిక్ష వేస్తే అది ధర్మమేనా?

ఈ ప్రశ్నను క్రీడల పేజీకి వదిలేయకూడదు. కర్తృత్వం గురించి మన దర్శనాలు శతాబ్దాల తరబడి చేసిన వాదానికి ఇంత శుభ్రమైన పరీక్ష దొరకడం అరుదు. కుటుంబ కలహంలోనో కోర్టు కేసులోనో ఉద్దేశం, కోపం, మరపు, అబద్ధం అన్నీ కలగలిసి ఉంటాయి. ఇక్కడ ఉన్నది ఒక మనిషి, ఒక శబ్దం, ఒక కదలిక. వాటి మధ్య కాలాన్ని సెకనులో వెయ్యోవంతు దాకా కొలిచే యంత్రం.

ఆ యంత్రం పనితీరు ముందు తెలుసుకోవాలి. స్టార్టింగ్ బ్లాకుల్లో పాదాల ఒత్తిడిని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. ప్రతి లేన్‌లోనూ పరుగువీరుడి వెనక ఒక స్పీకర్ పెడతారు, లేకపోతే స్టార్టర్‌కు దగ్గరున్నవాడికి శబ్దం ముందు చేరుతుంది. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. గాలిలో మీటరు దాటడానికి శబ్దానికి సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒకటో లేన్‌కూ ఎనిమిదో లేన్‌కూ మధ్య పాతిక మిల్లీసెకన్ల తేడా. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో నోవా లైల్స్ 9.784 సెకన్లకు, కిషేన్ థాంప్సన్ 9.789 సెకన్లకు గీత దాటారని గుర్తుచేసుకుంటే ఆ పాతిక ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇక అసలు నిబంధన: తుపాకీ మోగాక 0.100 సెకనులోపు బ్లాకు మీద ఒత్తిడి పెరిగితే అది ఫాల్స్ స్టార్ట్. చెవి వినడానికి, నాడులు ఆ కబురు మోసుకెళ్లడానికి, కండరం బిగుసుకుని బలం పాదానికి చేరడానికి కనీసం అంత సమయం పడుతుందని నిబంధన రాసినవాళ్ల నమ్మకం. అంతకంటే ముందు కదిలినవాడు విని కదలలేదు, ఊహించి కదిలాడని లెక్క.

పారిస్‌లో లైల్స్ స్పందనకు 0.178 సెకను పట్టింది. ఆ ఫైనల్లో అంతకంటే నెమ్మదిగా లేచినవాడు లేడు. బంగారు పతకం అతనిదే.

న్యాయ వైశేషికులు ప్రయత్నాన్ని ఆత్మ గుణాల్లో ఒకటిగా లెక్కించారు. ముందు తెలియడం, తర్వాత కోరడం, ఆపైన ప్రయత్నం, చివరికి శరీరం కదలడం వాళ్లు చెప్పిన వరుస. విశ్వనాథ పంచాననుడు భాషాపరిచ్ఛేదంలో ప్రయత్నాన్ని మూడుగా విడదీశాడు. కావలసినదాని వైపు సాగేది ప్రవృత్తి. వద్దనుకున్నదాని నుంచి వెనక్కి లాగేది నివృత్తి. మూడోది జీవనయోని, మన కోరికతో పని లేకుండా నిద్రలో కూడా ఊపిరిని నడిపేది.

'సెట్' అన్న పిలుపుకూ తుపాకీకీ మధ్యనున్న ఆ కొద్ది వ్యవధిలో ఈ మూడూ ఒకే దేహంలో తలపడతాయి. చూసేవాళ్లకు ఆ భంగిమ పరుగుకు సన్నాహంలా కనబడుతుంది. నిజానికి అక్కడ జరుగుతున్న పని పరుగెత్తకుండా ఉండడం. నడుము లేచింది, బరువు చేతివేళ్ల మీదికి వచ్చింది, తొడలు బిగిశాయి. ఒళ్లంతా ముందుకు పోవడానికే అమరి ఉంది. దాన్ని పట్టి ఉంచుతున్నది నివృత్తి ఒక్కటే. కాబట్టి ఫాల్స్ స్టార్ట్ అంటే పరుగెత్తాలన్న సంకల్పం తొందరపడడం కాదు, ఆగి ఉండాలన్న సంకల్పం రెప్పపాటు సడలడం. డేగులో బోల్ట్ ఒక పని చేశాడనడం కంటే, చేస్తూ ఉన్న పని అతని నుంచి జారిపోయిందనడం సత్యానికి దగ్గర.

జారిపోయినదానికి బాధ్యత ఉండదా? ఉంటుంది. ఎందుకు ఉంటుందో చెప్పడానికి ఒక తెలుగువాడి పుస్తకం సాయపడుతుంది. 17వ శతాబ్దపు అన్నంభట్టు పిల్లలకు సులువుగా బోధపడాలని రాసిన తర్కసంగ్రహం నేటికీ దేశమంతా తర్క విద్యార్థులకు తొలి పాఠం. అందులో సంస్కారం మూడు విధాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. పుట్టిన కదలికను కొనసాగించేది వేగం. అనుభవం ఆత్మలో మిగిల్చే ముద్ర భావన. వంచినదాన్ని తిరిగి మొదటి స్థితికి తెచ్చేది స్థితిస్థాపకం. స్ప్రింటర్‌ను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే పొందికైన విభజన దొరకడం కష్టం. మడమ వెనకాల టెండన్ సాగి, తిరిగి ముడుచుకుంటూ ఇచ్చే ఊపు స్థితిస్థాపకం. చివరి మీటర్లలో అతన్ని గీత దాకా మోసేది వేగం. తుపాకీ వినగానే లేచేలా ఏళ్ల తరబడి ఒంటికి పట్టించుకున్నది భావన. ఈ చివరిదాన్ని జ్ఞాపకానికి కారణంగానే అన్నంభట్టు చెప్పాడు. అయితే అతనికంటే ఎన్నో శతాబ్దాల ముందే ప్రశస్తపాదుడు, భావన అభ్యాసంతో గట్టిపడుతుందని చెబుతూ విద్య, శిల్పం, వాటి పక్కన వ్యాయామాన్ని కూడా ఉదాహరణగా చూపాడు. మన దార్శనికులు దేహాన్ని పట్టించుకోలేదన్న అపవాదుకు ఆ ఒక్క ఉదాహరణ మంచి జవాబు.

విన్నాక లేవాలా వద్దా అని ఆలోచించే వ్యవధి ఏ స్ప్రింటర్‌కూ ఉండదు. ఆ పదోవంతు సెకనులో కదిలించేది భావనే. కానీ ఆ భావనను కూడబెట్టింది అతనే, తెలిసి, కోరి, రోజూ సాధన చేసి. గెలిచినప్పుడు దాని ఫలాన్ని పతకంగా మెడలో వేసుకునేవాడు, పట్టు సడలినప్పుడు అది నా పని కాదనలేడు. బాధ్యత ఉన్నది తుపాకీ దగ్గరి క్షణంలో కాదు, దానికి ముందు గడిచిన సంవత్సరాల్లో. బోల్ట్ అది ఒప్పుకున్న తీరు గౌరవించదగ్గది. అదే చాంపియన్‌షిప్‌లో వారం తిరక్కుండా 200 మీటర్లను 19.40 సెకన్లలో గెలిచాడు. ఆ మర్నాడు జమైకా రిలే జట్టుతో 37.04 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పాడు.

దీనికి ఎదురువాదం బలహీనమైనదేమీ కాదు. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో ఆ వాదం నలందలో జరుగుతుంది. పాపానికి శరీరం, మాట, మనసు మూడూ సాధనాలే అయినా శరీరంతో చేసిందే అన్నిటికంటే బరువైనదని నిర్గ్రంథుల, అంటే జైనుల, పక్షం. మనసుతో చేసిందే బరువైనదని బుద్ధుడి పక్షం. చేతననే, అంటే సంకల్పాన్నే, ఆయన కర్మ అన్నాడు. ఇది బౌద్ధులు రాసుకున్న కథనం, జైనుల మాట జైన గ్రంథాల్లో వినడమే న్యాయం. విభేదం మాత్రం అసలైనది. బుద్ధుడి ముందు బోల్ట్ నిర్దోషి. స్టార్టర్ ముందు దోషి. బ్లాకులోని సెన్సర్‌కు పాదం తెలుస్తుంది, మనసు తెలియదు.

మనిషి పొరపాటుకు కాస్త చోటిచ్చిన రోజులూ ఉన్నాయి. 2003కు ముందు ప్రతి ఒక్కరికీ ఒక తప్పు మాఫీ ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్లో అప్పటి చాంపియన్ లిన్‌ఫర్డ్ క్రిస్టీ రెండుసార్లు తప్పు చేసి, ట్రాక్ వదలడానికి మొరాయించాడు. 2003 నుంచి పందెం మొత్తానికి ఒకే మాఫీ అయింది. మొదటి తప్పు ఎవరు చేసినా హెచ్చరిక అందరికీ, ఆ తర్వాత కదిలినవాడు ఎవరైనా బయటికే. దాన్ని ఎత్తుగడగా వాడుకునే వీలుంది. చురుగ్గా లేవలేనివాడు కావాలని మొదటి తప్పు చేస్తే, మెరుపులా లేచేవాళ్లంతా జంకుతారు. ఒకరి కర్మఫలాన్ని ఏడుగురికి పంచిపెట్టే పద్ధతి అది. ఇంతవరకూ వచ్చిన నిబంధనల్లో అధర్మమైనది అదే.

ఆ నిబంధన వచ్చిన 2003లోనే పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్లో అసఫా పావెల్ 0.086, జాన్ డ్రమండ్ 0.052 సెకనుకు స్పందించారని యంత్రం చూపింది. ఇద్దరినీ బయటికి పొమ్మన్నారు. డ్రమండ్ తన లేన్‌లోనే పడుకుని, తాను కదల్లేదని మళ్లీ మళ్లీ చెప్పాడు. పోటీలు నిలిచిపోయాయి. అతను అబద్ధమాడాడని అనుకోనక్కర్లేదు. పాదం ఒత్తిడి పెరిగిందన్న యంత్రం మాట, నేను కదల్లేదన్న మనిషి మాట రెండూ నిజం కావచ్చు. తన ఒంట్లో జరిగే ప్రతిదీ కర్తకు తెలియదు.

2010 జనవరి నుంచి ఎవరికీ మాఫీ లేదు. టీవీ ప్రసారాలకు ఆలస్యమవుతోందన్నది ఆ మార్పు వెనక ఉన్న కారణాల్లో ఒకటి. కారణం గొప్పది కాకపోయినా ఫలితం మేలైంది, ఎవరి తప్పు వాళ్లకే చెందుతోంది. 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ వంద మీటర్ల ఫైనల్లో, 200 మీటర్ల ఒలింపిక్ విజేత లెట్సిలే టెబోగో ఇలాగే వెళ్లిపోయాడు. జమైకా యువకుడు ఒబ్లిక్ సెవిల్ 9.77 సెకన్లకు గెలిచాడు.

ఒకరి కదలికకు మరొకరు కారణమైతే? ఇది పురుషుల పందెం కాకపోయినా ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే అనుభవించింది విశాఖపట్నం అమ్మాయి. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనాకు చెందిన వూ యాన్నీ తుపాకీకి ముందే కదిలింది. ఆ కదలిక చూసి పక్కనే ఉన్న జ్యోతి యర్రాజి కూడా లేచింది. అధికారులు మొదట ఇద్దరినీ తప్పుకోమన్నారు. జ్యోతి నిరసన తెలిపింది, ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు, ఆమె 12.91 సెకన్లకు మూడో స్థానంలో ముగించింది. తర్వాత వూ ఫలితాన్ని రద్దు చేసి జ్యోతికి రజతం ఇచ్చారు. శరీరం కదిలింది నిజమే, ఆ కదలికకు మూలం వేరేచోట ఉందని అధికారులు ఒప్పుకున్నారు. అంటే ఈ చట్టం అనుకున్నంత గుడ్డిది కాదు. మూలకర్తను వెతకగలదు, వెతికే ఓపిక ఉంటే.

ఆ ఓపిక 2022 జులైలో అమెరికాలోని యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కనబడలేదు. 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. తాను చదివిన విశ్వవిద్యాలయం మైదానంలోనే, తనవాళ్ల ముందు డెవాన్ అలెన్ బ్లాకుల్లో కూర్చున్నాడు. స్పందన 0.099 సెకను. పంపేశారు. సెమీఫైనల్లో అతనిది 0.101. బోల్ట్ తుపాకీకి ముందు కదిలాడు, అలెన్ తుపాకీ మోగిన తర్వాత కదిలాడు. అయినా ఇద్దరికీ శిక్ష ఒక్కటే. ఒక మిల్లీసెకను తేడాతో, ఇంత త్వరగా ఏ మనిషీ వినలేడన్న ఊహ మీద అతన్ని దోషిని చేశారు.

ఆ ఊహ గట్టిదా? కాదని అంతర్జాతీయ సమాఖ్య (ఇప్పటి వరల్డ్ అథ్లెటిక్స్) కోసమే ఫిన్‌లాండ్‌లోని యువాస్కులా పరిశోధకులు చేసిన అధ్యయనం 2009లోనే చెప్పింది. హద్దును 80, 85 మిల్లీసెకన్ల ప్రాంతానికి దించమని సూచించింది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ స్పందనలను పరిశీలించినవాళ్లు, స్టార్టర్‌కు అతి దగ్గరి లేన్‌లోనివాళ్లు మిగతావాళ్లకంటే త్వరగా లేచారని గమనించారు. శబ్దం పెద్దదైతే దేహం ఉలిక్కిపడి ముందే స్పందిస్తుంది. ఆ ఉలికిపాటు మోసం కాదు, అది కూడా వినడమే.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యుడు చేయని దొంగతనానికి కొరత వేయించుకున్నాడు. చిన్ననాడు పురుగుల్ని పుల్లతో గుచ్చిన పాపం అలా పండిందని ధర్ముడు చెబితే, తెలియని వయసులోని పనికి ఇంత శిక్షా అని ఆయననే నిలదీశాడు. శూద్రయోనిలో పుట్టమని శపించాడు, ధర్ముడు విదురుడై పుట్టాడు. మాండవ్యుడు అక్కడితో ఆగలేదు. పద్నాలుగేళ్లు నిండేదాకా చేసిన పనికి పాపం అంటదని కొత్త హద్దు గీశాడు. ధర్మం పేరుతో నడిచే లెక్క తప్పితే ఆ లెక్కనే సరిదిద్దమనే సాహసం మన సంప్రదాయంలో ఉంది.

వరల్డ్ అథ్లెటిక్స్ ఆ పని చేయాలి. తుపాకీకి ముందు కదిలినవాడు ఎంతటివాడైనా వెళ్లిపోవాల్సిందే, ఆ కఠినత్వం ఉండాలి. తుపాకీ తర్వాత కదిలినవాడి విషయంలో హద్దును పరిశోధన చూపిన చోటికి దించాలి. అలా దించితే ఊహించి లేచినవాడు ఒకరిద్దరు తప్పించుకుంటారన్న భయం నిజమే. నిజంగా విని లేచినవాణ్ణి మోసగాడిగా నిలబెట్టడం కంటే ఆ నష్టం చిన్నది. ఈ సవరణకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. నిబంధనల పుస్తకంలో ఒక్క అంకె మారిస్తే చాలు.