చూడని దానిని చెప్పవచ్చునా?

నిరుడు దబీర్‌పురాలోని మా తరగతిలో కృష్ణబిలమును గూర్చి చెప్పుచు, దాని నడుమ అనంత సాంద్రత గల బిందువు కలదని నిశ్చయముగా పలికితిమి. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, “సారూ, లోపలికి పోయి చూసినోళ్లెవరు?” అని యడిగెను. పిల్లలు నవ్విరి. మేము వానిని కూర్చుండుమంటిమి. ఆ తప్పే యీ వ్రాతకు మూలము.

ఐన్‌స్టీను సమీకరణము లా బిందువును చూపుట నిజమే. కాని యచ్చట నా సమీకరణములే చేతులెత్తివేయుచున్నవని భౌతికవేత్తలు పెక్కురు తలంతురు. ఆ చిక్కును తొలగించుటకు వెదకిన మార్గములలో నొకటి స్థిత్యంతర న్యాయము నొప్పుకొనని జ్యామితి. మూడును ఐదును ఏ వరుసను గుణించినను పదునైదే. సమాసమునం దట్లు కాదు: వనదేవత వేరు, దేవతావనము వేరు. అతిసూక్ష్మమైన కొలతలలో స్థలపు నిరూపకములును సమాసపదములవలె వరుస మారిన ఫలము మార్చునని యీ జ్యామితి యూహ. అట్లయినచో ద్రవ్యరాశి యొక బిందువున కుదురుకొనజాలదు, మసకగా పరచుకొనును. 2006లో నికోలినీ, స్మైలాగిచ్, స్పలూచీ అను మువ్వు రిట్లు లెక్కకట్టగా నడుమనున్న అనంతము మాయమయ్యెను. హాకింగు చెప్పినట్లు వేడిమి వెదజల్లుచు చిక్కిపోవు బిలమును హద్దులేక కాగదు. దాని యుష్ణోగ్రత యొక గరిష్ఠమును తాకి, సున్నకు దిగి, చల్లని శేషము మిగులును.

ఇది కంటబడునా? 2019 ఏప్రిల్ 10న వెలువడిన ఎం87 బిలపు చిత్రమును తలంపుడు. ఆ బిలము 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గలది. ఈ జ్యామితి మార్పు ప్లాంకు కొలతయంతటిదే యైనచో, అంతటి బిలపు వలయమున దానిని పట్టగల టెలిస్కోపు లేదు. అది ప్రస్ఫుటముగా తోపవలసినది పరమాణువుకంటె చిన్న బిలములందు. అట్టిదాని నింతవర కెవరును చూడలేదు.

మా పేటకు మిక్కిలి దూరము కాని ఫిసల్‌బండలో 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాల, పిదప బేగంపేటకు మారి, తన పాలికి వచ్చిన ఆకాశపు పట్టీలోని చుక్కల నేండ్లతరబడి ఫొటోలు తీసి కొలిచెను. వారు వ్రాసినది కొలిచినదే. అట్లని లెక్కను మాత్రమే నమ్ముకొన్నవారు వ్యర్థులని మే మనము. పొగను చూచి నిప్పు నూహించుటకు, ఆ రెంటిని వంటయింటిలో కలిసి చూచియుండవలెనని నైయాయికులందురు. కృష్ణబిలపు నడుమకు వంటయిల్లు లేదు. ఊహింపవచ్చును, లెక్కింపవచ్చును, పిల్లలయెదుట దానిని చూచినదానివలె పలుకుట మాత్రము అసత్యమే.

ఈ వారము ఆ బాలునే లేపి, “ఎవరును చూడలేదు, లెక్క చెప్పుచున్నది, ఆ లెక్కయు నొక్కటి కాదు” అంటిమి. “మరి పుస్తకంల అట్లెందుకు రాసిండ్రు సారూ?” అనెను. ఆ వాక్యమునకు ముందు పెన్సిలుతో “ఒక లెక్క ప్రకారము” అని చేర్చుకొనుమని చెప్పి, మా ప్రతిలోను చేర్చుకొంటిమి.