మన చేపలు ఏ నదివి?



మొన్న జులైలో మన సండే స్కూల్ పిల్లల్ని సియాటిల్‌లోని బల్లార్డ్ లాక్స్‌కు తీసుకెళ్లిన సంగతి మీకు తెలుసు. సముద్రానికీ, వాషింగ్టన్ సరస్సు వైపు వెళ్లే కాలువకూ మధ్య 1917లో ప్రారంభించిన కట్టడం అది. చేపలు పైకి ఎక్కిపోవడానికి అక్కడ 21 మెట్ల నీటిదారి ఉంది. కింది గదిలో అద్దాల ముందు నిలబడితే సాకై సాల్మన్ చేపలు ఎదురీదుతూ మనకు జానెడు దూరంలోంచి వెళ్తాయి. సాకై అనే పేరు ఇంగ్లీషు మాటలా వినిపిస్తుంది గానీ, ఇక్కడి సేలిష్ ఆదివాసుల భాషలో ఎర్రచేప అనే మాట నుంచి వచ్చింది. అయితే లాక్స్ దగ్గర అవి ఇంకా ఎర్రబడవు, వెండిలా మెరుస్తుంటాయి. పిల్లలకు అది కాస్త నిరాశే.

నేను ఒక వర్తమానం సిద్ధం చేసుకుని వెళ్లాను. అదేమిటో మీరూ ఊహించగలరు. చేప పుట్టిన నదికి తిరిగి వస్తుంది, తప్పిపోయిన కుమారుడు తండ్రి ఇంటికి తిరిగి వచ్చాడు, మనమూ తిరిగి రావాలి. పది నిమిషాల్లో ముగించి పిల్లలకు పిజ్జా తినిపించాలని నా ప్లాన్. ఇంతలో తొమ్మిదేళ్ల బాబు ఒకడు అడిగాడు: "అంకుల్, ఇవి అక్కడికి వెళ్లి చచ్చిపోతాయంట కదా? మరి వెళ్లడం ఎందుకు?"

నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

మన సరస్సులోకి వచ్చే సాకైలలో ఎక్కువ భాగం రెంటన్ దగ్గర కలిసే సీడర్ నదికి వెళ్తాయి. తల్లి చేప గులకరాళ్లలో తోకతో గుంట తవ్వి, మొత్తం సుమారు 3,000 గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లతో కప్పుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడుతూ ఉంటుంది. ఆ సద్దిమూట అయిపోయేదాకా అది రాళ్ల సందులోనే ఉండి, తర్వాత సరస్సులోకి దిగి, సాధారణంగా ఒక ఏడాది సన్నటి నీటిజీవుల్ని తిని పెరుగుతుంది. ఆపైన ఉప్పునీటికి తగ్గట్టు ఒళ్లు మార్చుకుని పసిఫిక్ మహాసముద్రంలోకి వెళ్లి, రెండు మూడేళ్లు అక్కడ గడుపుతుంది. తిరుగు ప్రయాణంలో భూమి అయస్కాంత శక్తి తీరం వరకు దారి చూపిస్తుంది. అక్కడి నుంచి చిన్నప్పుడు గుర్తుపెట్టుకున్న నీటి వాసన ఆధారం.

మంచినీటిలోకి వచ్చాక తిండి మానేస్తుంది. కండలో ఉన్న ఎర్రరంగు చర్మంలోకి ఎక్కుతుంది, తల ఆకుపచ్చగా మారుతుంది, మగచేపకు మూపు లేస్తుంది, దవడ కొక్కెంలా వంగుతుంది. ఒంట్లో దాచుకున్నదంతా ఈతకూ గుడ్లకూ ఖర్చుపెట్టేసి, ఆ పని అయిన కొద్ది రోజులకే చనిపోతుంది. పిల్లల్ని చూడదు. కానీ దాని కళేబరం కుళ్లి, సముద్రంలో కూడబెట్టిన సారమంతా ఆ నీటికే ఇస్తుంది. ఒడ్డున ఉన్న చెట్లలో కూడా శాస్త్రవేత్తలు సముద్రపు నైట్రోజన్‌ను గుర్తించారు.

ఇక్కడ నేను లాప్‌టాప్ మూసేశాను. మా నాన్నగారు నా ఎమ్మెస్ కోసం ఎకరన్నర పొలం తాకట్టు పెట్టారు. 2021లో ఆయన ప్రభువు సన్నిధికి వెళ్లినప్పుడు నేను వెళ్లలేకపోయాను. సమాధి కార్యక్రమం ఫోన్‌లో చూశాను. మీలో ఎంతమంది అలా చూశారో నాకు తెలుసు. అలాంటివారి ముందు నిలబడి "తిరిగి వెళ్లండి" అని చెప్పడానికి నేనెవణ్ని? ఆ రోజు నుంచి చాలాకాలం నా ప్రార్థనలో కృతజ్ఞత లేదు, అపరాధభావమే ఉంది. ఆయన పోగొట్టుకున్నాడు, నేను తీసుకున్నాను అనే లెక్క. గోధుమగింజ భూమిలో పడి చావడం గురించి ప్రభువు యోహాను సువార్త 12వ అధ్యాయంలో మాట్లాడినప్పుడు, దాన్ని నష్టంగా చెప్పలేదు. తన మరణానికి గంటలు దగ్గరపడ్డాయని తెలిసే, ఫలం గురించి చెప్పాడు. మా నాన్నగారు కూడా ఆ తాకట్టును ఎన్నడూ నష్టమనలేదు. ఆ మాట నేనే ఆయన నోట్లో పెట్టాను.

ఇంకొక సంగతి కూడా చదివాను. దాంతో నా పాత వర్తమానం పూర్తిగా కూలిపోయింది. సీడర్ నది సాకైలు ఎక్కువగా అక్కడి పాతకాపులు కావు. 1935 నుంచి, ఉత్తరాన ఉన్న బేకర్ నది సంతతి చేపపిల్లల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. ఈ రోజు వచ్చేవి ప్రధానంగా వాటి వంశమే. అవి బేకర్‌కు పోవు. వాటి ముక్కుకు తెలిసిన నీరు సీడరే.

మన పిల్లలు తెలుగు ఆరాధనలో కునికిపాట్లు పడుతున్నారని, ఇంగ్లీషులో ప్రార్థిస్తున్నారని కమిటీ మీటింగుల్లో బాధపడతాం. నేనూ బాధపడ్డాను, గట్టిగానే. అయితే హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో అబ్రాహాము సంతానం గుడారాల్లో పుట్టి గుడారాల్లోనే పెరిగింది. ఊరు అనే ఊరును వాళ్లెవరూ కళ్లారా చూడలేదు. వాళ్లకు అందింది తండ్రి నమ్మిన దేవుడు, ఆయన వాగ్దానం. ఈ మాట అంటే తెలుగు నేర్పడం మానేద్దామని కాదు, శనివారం క్లాసులు యథావిధిగా జరుగుతాయి!

మా పాపకు ఆరేళ్లు, తాతను చూడలేదు. పడుకునే ముందు ఇంగ్లీషులోనే ప్రార్థిస్తుంది. మా నాన్నగారు వీధిలో ప్రతి ఇంటినీ పేరుపేరునా చెప్పి ప్రార్థించేవారు, ఇంటికి పాలు పోసే మనిషితో సహా. నేనెప్పుడూ ఆమెకు అది నేర్పలేదు, ఎప్పుడో కథలా చెప్పి ఉంటాను. మొన్న రాత్రి విన్నాను: మా అపార్ట్‌మెంట్ వాళ్లందరి పేర్లూ వరుసగా చెప్పి, చివర ఉత్తరాలు తెచ్చే అంకుల్‌ను కూడా కలిపింది.

అక్టోబరులో రెండో శనివారం ఉదయం పది గంటలకు, సీడర్ నది మీద వంతెనలా కట్టిన రెంటన్ గ్రంథాలయం దగ్గర కలుద్దాం. అప్పటికి చేపలు ఎర్రబడి ఉంటాయి. ఆ బాబును తప్పకుండా తీసుకురమ్మని వాళ్ల అమ్మగారికి చెప్పాను.