ప్రార్థనయు మాత్రయు



కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక సహోదరి కన్నీళ్లతో సాక్ష్యమిచ్చెను. ఆమెకు హెచ్.ఐ.వి. సోకియుండెను. రక్తపరీక్షలో వైరసు కనబడలేదని చీటీ వచ్చెను. "ప్రభువు నన్ను స్వస్థపరచెను, మాత్రలు మానివేసితిని" అని ఆమె చెప్పగా సంఘమంతయు హల్లెలూయ అనెను. నేనును ఆమేన్ అంటిని. ఏడాది తిరుగక మునుపే ఆమె క్షయతో మంచము పట్టెను. నాటి నా ఆమేన్ నన్ను నేటికిని గద్దించుచున్నది.

ఆ చీటీ అబద్ధము కాదు. దానిని మేము అర్థము చేసికొన్న రీతియే తప్పు. ఈ వైరసు మారుచు వృద్ధిపొందును. ఒక్క మందే ఇచ్చినయెడల మారిన వైరసు దానిని తప్పించుకొనును. కాబట్టి 1996 మొదలుకొని వైద్యులు మూడు మందులు కలిపి ఇచ్చుట వాడుకయైనది. నేడు మన దేశములో అనేకులు పుచ్చుకొను మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అను మూడును ఇమిడియున్నవి. దినమునకు ఒక్కటి చాలును. అది వైరసు పెరుగకుండ ఆపును. అయినను కొంత వైరసు శరీర కణములలో నిద్రించుచుండును; ఈ మందులు దానిని నశింపజేయలేవు. మాత్ర మానినచో సాధారణముగా కొన్ని వారములలోనే అది మేల్కొనును. కనబడలేదనగా పోయినదని కాదు, అణగియున్నదని అర్థము.

దేవుని కృపవలన ఆమె మరల ఏ.ఆర్.టి. కేంద్రమునకు వెళ్లి కోలుకొనెను. ఒకనాడు నన్నడిగెను: "అయ్యగారూ, ప్రార్థించి కూడ మాత్ర వేసికొన్నచో నాకు విశ్వాసము లేనట్టేనా?"

హిజ్కియా రాజును తలంచుడి. దేవుడు అతని ప్రార్థన విని పదునైదేండ్ల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయించెను. ఆ ముద్దవలన వాగ్దానమునకు కొరత కలుగలేదు. అరణ్యములో మన్నాను ఏనాటికానాడు కూర్చుకొనవలసియుండెను. అంతమాత్రమున అది దేవుని వరము కాకపోయెనా?

దేవుడు మందు లేకుండ స్వస్థపరచలేడా? పరచగలడు. కాని మన విశ్వాసమును చూపుకొనుటకు మరియొకరి మందును పారవేయించు అధికారము మనకెవరిచ్చిరి? దేవాలయ శిఖరము మీదనుండి దుముకుమన్నప్పుడు మన ప్రభువు దుమకలేదు. ఒకప్పుడు ఈ మందులకు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా వ్యయమయ్యెడిది. 2001లో మన దేశపు సిప్లా సంస్థ సుమారు 350 డాలర్లకే ఇచ్చెదమనెను. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుట ఆరంభించెను. బీదల చేతికి అందిన ఈ ఉపకారమును త్రోసివేయుట భక్తి కాదు.

సంఘమునకును ఒక మాట. మన నిందకు జడిసి మాత్రలను బియ్యపు డబ్బాలో దాచుకొనువారు చుట్టములు వచ్చిననాడు పూట తప్పుదురు. ఆ దోషము ఎవరిది? ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో త్రాగుటవలన ఈ వ్యాధి సోకదు. క్రమముగా మాత్ర వేసికొని, వైరసు కనబడనంతగా అణగియున్నవారినుండి దాంపత్యమువలన సోకదు. మరి మనమేల దూరముగా కూర్చుందుము?

ఆ సహోదరి ఇప్పుడిట్లు సాక్ష్యమిచ్చుచున్నది: "రాత్రి మాత్ర వేసికొని ప్రార్థించి పండుకొంటిని, ఉదయమున ప్రభువు నన్ను లేపెను."

ఈ సాక్ష్యమునకు నేను నిండు మనస్సుతో ఆమేన్ అనుచున్నాను. మీరును అందురా?